సంతాప సభలో మైకు

మా ఊరి బడిలో పొద్దున్నే పిల్లలను వరుసల్లో నిలబెట్టి మైకులో మాట్లాడిస్తారు. మాటలు మాత్రం అందరూ ‘అబ్లా’ అని పిలిచే పెద్ద పంతులమ్మ ఇన్షిరాహ్ రాసిచ్చినవే.

నా బిడ్డ రవాన్ పోయాక సంతాప సభ పెట్టి, తల్లినని నాకూ ఒక కాగితం ఇచ్చింది.

“ఇది చదువు చాలు, ఉమ్ రవాన్. అంతా అల్లా రాత.”

“అల్లా రాతైతే నీ దస్తూరీలో ఉందేం, అబ్లా?” అని తిరిగిచ్చేశాను.

మైకు అందుకున్నాను. “ప్రహరీ గోడ కూలేలా ఉందని నా బిడ్డ ఈ మైకులోనే చెప్పింది. నోరెక్కువైందని ఈవిడ దాన్ని...”

పెద్ద పంతులమ్మ సైగతో మైకు ఆగిపోయింది. ఇన్షిరాహ్ తడి లేని కళ్లు తుడుచుకుంటోంది.

వరుసలోంచి ఒక పిల్ల అరిచింది. “ఆ గోడ కిందే నిలబెట్టింది! శిక్షని!”

వెనక వరుస అందుకుంది. తర్వాత బడంతా.

“నోర్ముయ్యండి!” అంది ఇన్షిరాహ్. మైకు లేని ఆవిడ గొంతు మొదటి వరుస కూడా దాటలేదు.