పట్టుకోవలసిన చేతులు

ముందు వరుసలో ఆసీనులైనవారు, ఎడమ నుంచి కుడికి: సమకాలీన నృత్య మిత్రమండలి అధ్యక్షులైన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, మండలి సభ్యురాలైన లాయరు గారి అత్తగారు, ఆవిడ పక్కన లాయరు గారి భర్త, చివరి కుర్చీలో టైలరు. వారి వెనక మిగిలిన సభ్యులు. వేదికను ఆనుకుని ఉన్న చిన్న గదిలో, తలుపు దగ్గర లాయరు గారు. ఆవిడకు రెండడుగుల వెనక ఆవిడ ఆడపడుచు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆ ఆడపడుచు ఆ సాయంత్రం తన వదినను క్షమించే స్థితిలో లేదు.

మైకులో అధ్యక్షుల ప్రకటన అప్పుడే ముగిసింది. "మన లాయరు గారు స్వయంగా రూపకల్పన చేసిన 'నమ్మకం' అనే నృత్యం. సహాయం, వారి ఆడపడుచు."

"సహాయమా?" అన్నది ఆడపడుచు.

"పెద్దాయన. నోటికొచ్చింది అన్నారులే."

"ఆయన నోటికి అందించింది నువ్వేగా వదినా. పోయిన నెల ఇక్కడే, నృత్యాలయ్యాక అందరం గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు, బల్ల మీంచి వెనక్కి పడిపోయే నృత్యం చేయాలనుందని చెప్పిందెవరు?"

"నువ్వే. నేను కాదన్నానా?"

"మరి ఆ మాట మైకులో చెప్పించలేదేం?"

"చూడమ్మాయ్, కబుర్లలో దొర్లిన మాట మీద ఎవరికీ హక్కుండదు. బల్లెక్కినవాళ్ళదే నృత్యం."

"బల్ల నేనే ఎక్కుతానన్నాను."

"నువ్వెక్కితే కింద నిన్ను పట్టుకునే ఓపిక నాకేదీ?" వదిన అద్దంలో చూసుకుంటూ జుట్టు ముడి వేసుకున్నది. "దుకాణంలో కూర్చుని కూర్చుని మా చెల్లెలు పిప్పళ్ళ బస్తా అయిందని మీ అన్నయ్యే అంటుంటారు. పద, పాట మొదలైంది. వెనకే ఉంటావుగా?"

"వెనకే ఉంటాను వదినా."

ఆ మాట అంటున్నప్పుడే ఆడపడుచు నిశ్చయించుకున్నది. ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు. నడుము విరగకపోయినా పరువు విరుగుతుంది. అడిగినవారికి "చెయ్యి జారింది" అని చెప్పవచ్చు.

నృత్యం సజావుగానే సాగింది. ఇద్దరూ ఒకరి భారం ఒకరు మోస్తూ, ఒకరి భుజం మీద ఒకరు వాలుతూ, లేస్తూ వేదికంతా తిరిగారు. చివరికి వదిన మోకాలెత్తు బల్ల ఎక్కి, ఆడపడుచు వైపు వీపు తిప్పి, చేతులు గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నది. పాట ఆగింది. ఆడపడుచు రిహార్సల్లో చేసినట్టే రెండు చేతులూ చాచింది. వదిన మడమలు బల్లను వదలగానే చేతులు దించి, ఒక్క అడుగు పక్కకు వేసింది.

చెక్క నేల దద్దరిల్లింది.

వదిన కొంతసేపు పైకప్పును చూస్తూ పడి ఉన్నది. తరువాత తల మాత్రం తిప్పి, ఎదుటి పక్షం సాక్షిని చూసినట్టు ఆడపడుచును చూసింది.

"చేతులకేమొచ్చిందే నీకు?" అన్నారు అత్తగారు ముందు వరుసలోంచి, కూతురినుద్దేశించి.

"ఊరుకోండమ్మా, అది నృత్యంలో భాగం," అని అధ్యక్షుల వారు లేచి చప్పట్లు కొట్టారు. ఆయనను చూసి హాలంతా లేచింది.

ఎప్పటిలాగే కుర్చీలు గుండ్రంగా జరిపి మాటలకు కూర్చున్నారు. ముందుగా టైలరు అందుకున్నాడు.

"పట్టుకుంటుందనే అనుకున్నానండీ. పట్టుకునుంటే ఇంటికెళ్ళి భోంచేసి మర్చిపోయేవాణ్ణి. ఇప్పుడు నాకు నిద్ర పట్టదు."

"'నమ్మకం' అని పేరు పెట్టి, నమ్మినవాళ్ళను నేలకేసి కొట్టడం," అన్నారు అధ్యక్షుల వారు. "లాయరు గారికి తప్ప ఇంకెవరికి తడుతుందండీ ఇది?"

"ఇంట్లో నాకు ఒక్క ముక్క చెప్పలేదు," అన్నాడు భర్త.

"చెబితే పడనిచ్చేవారా?" అన్నది వదిన మోచెయ్యి రుద్దుకుంటూ.

ఆడపడుచు సిద్ధం చేసుకున్న సంజాయిషీని ఎవ్వరూ అడగలేదు. ఆమె వైపే ఎవ్వరూ చూడలేదు. పోయిన నెల ఆలోచన పోయింది. ఈ నెల పగ కూడా వదిన పేరనే జమ అవుతున్నది. ఆమె ఇక తట్టుకోలేకపోయింది.

"ఆ తప్పుకోవడం వదినది కాదు, నాది," అన్నది గట్టిగా. "రిహార్సల్లో అది లేనే లేదు. వదినకు కూడా తెలీదు."

అందరూ ఆమె వైపు తిరిగారు. అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆడపడుచుకు తానేమన్నదో అప్పుడు వినపడింది.

వదిన కుర్చీ పట్టుకుని నెమ్మదిగా లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నది. గొంతులో కోర్టు పలికింది.

"అధ్యక్షుల వారికీ, సభ్యులకూ నమస్కారం. ఇందాకటి ప్రకటనలో దొర్లిన పొరపాటును సవరించవలసిన బాధ్యత నాది. ఈ నృత్యానికి మూలమైన ఆలోచన నా ఆడపడుచుది. చివరి ఘట్టంలో నన్ను పట్టుకోకుండా తప్పుకున్నదీ, ఆ సంగతి నాకు ముందుగా తెలియనివ్వనిదీ ఆమే. ఆ ఘనత సంపూర్ణంగా ఆమెదేనని సభాముఖంగా, కృతజ్ఞతాపూర్వకంగా అంగీకరిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. ఈసారి అవి ఆడపడుచుకే. అన్నయ్య కూడా చప్పట్లు కొట్టాడు. వదిన చెయ్యెత్తి వాటిని ఆపింది.

"కనుక వచ్చే నెల ఇదే నృత్యంలో బల్ల ఎక్కే హక్కు ఆమెకే చెందుతుంది. ఓపిక నేనెలాగో తెచ్చుకుంటాను. వెనకే ఉంటాను."