రాలిన రేక

మనుషుల్ని గీయడం మగవాళ్లకట. ఫ్రాన్సులోని మా లియోన్ ఊళ్లో ఆడవాళ్లకు పువ్వులే నేర్పారు. బొమ్మలో కుండీ కింద రేక రాలి ఉంటే, ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం.

ఆ రాత్రి నేను వేస్తున్న గులాబీల బొమ్మలో, కుండీ కింద ఒక రేక కనిపించింది. నేను గీయలేదు. లోపలి గదిలో జ్వరంతో ఉన్న చెల్లి నొయెమీ దగ్గు ఆగిపోయింది. రేకను తాకాను. తడి రంగుకు అంటుకున్న నిజమైన రేకే! పకపకా నవ్వేశాను.

"ఏంటక్కా, దయ్యం పట్టిందా? ఆకలేస్తోంది, సూప్ పెట్టు," అంది నొయెమీ.

నాకు ప్రాణం లేచొచ్చింది. పది రోజుల తర్వాత ఆకలి! సూప్ వేడిచేస్తూ కిటికీ వైపు చూశాను. మంచు కురుస్తోంది. వేసవిలో గీసి దాచుకున్న కాగితాలు చూసే మేం చలికాలంలో పువ్వులు వేస్తాం. మా ఇంట్లోకి అసలైన గులాబీ వచ్చి ఆర్నెల్లయింది.