అరవైలో వినిపించే చప్పుడు

దొంగ క్లచ్ వదిలి బండిని కదిలించాడో లేదో, వెనక సీటు మీద ఎవరో ధబ్బున కూర్చున్నారు.

"పోనివ్వండి బాబూ. అరవై దాటించండి, ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో వింటాను," అంది ఒక ముసలి గొంతు.

దొంగ అద్దంలోకి చూశాడు. నెరిసిన జుట్టు, చొక్కా నిండా గ్రీజు మరకలు. షెడ్డు మెకానిక్. రెండు నిమిషాల క్రితం ఇతను లోపల తల వంచుకుని ఏదో ఇంజన్ విప్పుకుంటున్నాడు. బయట వరసగా నిలబెట్టిన బండ్లలో ఒకదానికి తాళంచెవి వేలాడుతోంది కదా అని దొంగ ధైర్యం చేశాడు. పొద్దున్నే బస్సు దిగిన ఊరు, తన ముఖం ఎరిగినవాడు లేడు. ముసలాయన తనని బండి యజమాని అనుకుంటున్నాడు, అంతే. ఇప్పుడు దిగి పరిగెత్తితే కొంప మునుగుతుంది. పోనిస్తే, దారిలో ఎక్కడో ఒకచోట వదిలించుకోవచ్చు. పోనిచ్చాడు.

మెకానిక్ తన పద్ధతి చెప్పుకొచ్చాడు. కొన్ని చప్పుళ్లు బండి నిలబెడితే పలకవట. నడిపేవాడికి గాలిలో వినపడవట. వెనక కూర్చున్నవాడికే దొరుకుతాయట. అందుకే ఏ బండి వచ్చినా యజమానిని నడపమని, తను వెనకెక్కి ఒక చుట్టు చుట్టొస్తాడట. దొంగ ఊఁ కొడుతూ కూర్చున్నాడు.

"ఎన్నాళ్లయింది బాబూ, ఈ బండి కొని?"

"నాలుగేళ్లు," అన్నాడు దొంగ, నోటికొచ్చిన అంకె.

పెద్ద రోడ్డెక్కాక ముల్లు అరవైకి చేరింది. అప్పుడు మొదలైంది. కింద ఎక్కడో కరకరమని ఇనుమును కొరుకుతున్నట్టు చప్పుడు. దాంతోపాటే కాళ్ల కింద సన్నటి అదురు.

"ఇప్పుడు క్లచ్ పట్టండి. బండిని దానంతట దాన్ని దొర్లనివ్వండి."

పట్టాడు. ఇంజన్ నెమ్మదించింది కానీ కరకర తగ్గలేదు. మెకానిక్ పెద్దగా నిట్టూర్చాడు. క్లచ్ పట్టినప్పుడు ఆగిపోయి ఉంటే ఇంజన్లో తేడా అనుకునేవాణ్ణనీ, ఆగలేదంటే చైను పని అయిపోయినట్టేననీ చెప్పాడు. లింకు ఒకటి సగం తెగి ఉంటుందట. అరవైలో ఊడిందంటే చైను వెళ్లి చక్రానికి చుట్టుకుంటుంది, చక్రం బిగుసుకుపోతుంది, మనిషి ఎక్కడ తేలతాడో చెప్పలేం.

"పోయిన నెల ఇలాగే ఒకాయన..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

"ఏమైంది ఆయనకి?"

"వద్దులెండి బాబూ. బండి మీద ఉండగా చెప్పుకునే మాట కాదు."

దొంగకి ఎదురుగా వస్తున్న ప్రతి లారీ తనకోసమే బయల్దేరినట్టుంది. పక్కకి ఆపేస్తానన్నాడు. ఆపి, దిగి, కనిపించిన సందులో పడి పారిపోదామని. మెకానిక్ అతని భుజం గట్టిగా పట్టుకున్నాడు. బ్రేకు వేస్తే ఆ కుదుపుకే తెగుతుందట. ఆపినా మళ్లీ లాగేటప్పుడు బరువంతా ఆ లింకు మీదే పడుతుందట. దగ్గర్లోనే తనకి తెలిసిన చోటు ఉంది, ఇరవైలో మెల్లగా అక్కడిదాకా పోనిస్తే చాలు, అయిదు నిమిషాల్లో పని తేలిపోతుందన్నాడు.

దొంగ లెక్క వేసుకున్నాడు. పట్టుబడితే కొన్నాళ్లు జైలు. చైను తెగితే జైలుకి వెళ్లడానికి కూడా మనిషి మిగలడు. పైగా లింకు వేయించుకుంటే బండి తనకే దక్కుతుంది. ఎన్నడూ తలవని దేవుళ్లందరినీ వరసపెట్టి తలుచుకుంటూ, గుడ్ల మీద నడిపిస్తున్నట్టు బండిని నడిపించాడు. కరకర సన్నగిల్లేది, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ అందుకునేది. అది అందుకున్నప్పుడల్లా అతని ప్రాణం పైకీ కిందికీ అయ్యేది.

"ఎడమకి. మళ్లీ ఎడమకి. ఆ తెరిచి ఉన్న గేట్లోకి."

దొంగ తలెత్తి చూస్తే కదా. ప్రాణాలన్నీ చెవుల్లో పెట్టుకుని, మెకానిక్ చెప్పినట్టల్లా తిప్పాడు. లోపల విశాలమైన ఆవరణ, గోడ పొడుగునా దుమ్ము కొట్టుకుపోయిన బండ్లు, గాలి దిగిన చక్రాలు, సీట్లు ఊడినవి, అద్దాలు పగిలినవి. ఎంత పెద్ద షెడ్డో అనుకున్నాడు. బండి ఆగింది. కరకరా ఆగింది. దిగి నేల మీద కూలబడ్డాడు. బతికి బయటపడ్డానన్న సంతోషానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముసలాయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా ప్రాణం నిలబెట్టావు పెద్దాయనా. నీ మేలు మర్చిపోను."

మెకానిక్ మెల్లగా చెయ్యి విడిపించుకుని, బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. వరండాలోంచి టోపీ సర్దుకుంటూ ఒక కానిస్టేబుల్ మెట్లు దిగి వచ్చాడు. బండికేమైందని అడిగాడు.

"బండికేం అవుతుందండీ, నాదేగా, పన్నెండేళ్లుగా కిక్కురుమనలేదు," అన్నాడు మెకానిక్, ఎడమ మడమ వంగి రుద్దుకుంటూ. "దారి పొడుగునా చైను కవరుని దీంతో నొక్కీ నొక్కీ నా కాలే పడిపోయింది, ముందు ఈయన్ని లోపల కూర్చోబెట్టండి."