ఒకే శ్రుతిలో పాడిన కారు

"వాడెవడో గానీ, వాడి చేతులు పడిపోను!" అంటూ అల్లుడు స్పానర్‌ని బల్ల మీదికి గిరాటేశాడు.

షెడ్డులో అందరూ ఉలిక్కిపడ్డారు. అందరూ అంటే ఎంతమందిలెండి. రేసు కారు నడిపే అతని భార్య, ఆమెను కన్న ఇద్దరూను.

"ఏమైందో చెప్పి తర్వాత తిట్టు," అంది భార్య, హెల్మెట్ తుడుస్తూ.

"మన బెల్టుని నిషేధించారు. ఎవడో ఫిర్యాదు పెట్టాడట. గేర్‌బాక్స్ అంటే లోపల పళ్ళ చక్రాలే ఉండాలట. పెట్టిందెవరయ్యా అంటే, పేరు చెప్పకూడదట!"

"రూల్సులో అలా ఎక్కడుంది?"

"నిన్నటిదాకా లేదు, ఇవాళ రాశారు. నాలుగు చక్రాలూ ఇంజనుతో తిప్పుతామంటే వద్దన్నారు. చక్రం జారకుండా కంప్యూటర్ పెడతామంటే వద్దన్నారు. రేపు ఇంజను కూడా వద్దు, తోసుకుంటూ రండి అంటారు!"

"ఊరుకో బాబూ," అన్నాడు గోడవారన కుర్చీలో కూర్చున్న మామగారు. ఆయన్ని అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. పక్కనే నిలబడ్డ ఆయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాపం ఏడుపు ఆపుకుంటోంది అనుకున్నారు. ఆవిడ ఆపుకుంటున్నది నవ్వు.

మేస్త్రీ కుర్రతనంలో రేసు కార్లకు ఇంజను ముందుండేది. పొడవాటి షాఫ్టు డ్రైవరు సీటు కిందుగా వెళ్ళి వెనక చక్రాల్ని తిప్పేది. తర్వాత ఇంజను సీటు వెనక్కి వెళ్ళింది, దాని వెనక గేర్‌బాక్స్ చేరింది. రెండు రకాలనూ విప్పి బిగించిన చేతులు ఆయనవి. చూపు పోయాక పని మానేశాడు గానీ, కూతురి రేసు ఒక్కటీ మానలేదు. కంచె పట్టుకుని నిలబడి, గేరు మారినప్పుడల్లా మారే ఇంజను రొదను బట్టి చెవులతో చూసేవాడు.

"పెద్ద మలుపుకొచ్చింది. నాలుగు... మూడు... రెండులోకి దించింది. ఆఁ, మళ్ళీ ఎక్కిస్తోంది. బయటపడింది!"

ఆ మలుపు అవతల ఏం జరుగుతోందో కళ్ళున్న భార్యకు కూడా ఆయనే చెప్పాలి.

అల్లుడు ఏళ్ళ తరబడి కిందామీదా పడి చేసిన కొత్త యంత్రంలో గేర్లే లేవు. రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు అటూ ఇటూ జరుగుతూ పోతుంది. దాంతో ఇంజను తన బలం ఎక్కువగా ఉండే వేగం దగ్గరే నిలబడి, ఒకటే శ్రుతిలో రొద పెడుతుంది. కారు దూసుకుపోయినా అదే పాట, మలుపులో నెమ్మదించినా అదే పాట.

దాన్ని మొదటిసారి పరుగు పెట్టించిన రోజున కూతురు ఎన్నడూ లేనంత వేగంగా తిరిగొచ్చింది. కంచె దగ్గర మేస్త్రీకి ముచ్చెమటలు పోశాయి.

"ఎక్కడుందే? మలుపు దాటిందా? బ్రేకు వేసిందా లేదా?" అంటూ భార్య చెయ్యి నలిపేశాడు.

కారు దిగి వచ్చిన కూతురు తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. "నాన్నా, నీకేం తెలియట్లేదు కదూ? తీయించేస్తాను."

"నోరుమూసుకో. నా కోసం దాని మీద ఎవరైనా చెయ్యి వేశారో, నేను మళ్ళీ ఈ గడప తొక్కను. అతని కష్టం నా చెవులకంటే తక్కువా?"

అల్లుడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఇంటికి వెళ్ళే దారిలో మేస్త్రీ భార్యతో మెల్లగా అన్నాడు. "ఇకమీదట నువ్వెళ్ళి చూసిరావే. అడిగితే నాకు నడుం నొప్పని చెప్పు."

ఇదిగో, అంతలోనే ఈ నిషేధం వచ్చిపడింది.

ఆవిడ ముందు కూతుర్ని పక్కకు లాగింది. "నిజం చెప్పు, ఫిర్యాదు పెట్టింది నువ్వేనా?"

"నేనా! ఆయన కష్టం మట్టిలో కలుపుతానా అమ్మా? ఎలా అనగలిగావు?" కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అయితే పక్క జట్టు వాళ్ళే అనుకుని, ఆవిడ నేరుగా వాళ్ళ షెడ్డుకే వెళ్ళింది. "నీకు పుణ్యముంటుంది నాయనా," అంటూ వాళ్ళ పెద్దాయనకు రెండు చేతులూ జోడించింది.

ఆయన బిత్తరపోయాడు. "మేమా! మేమూ అలాంటి బెల్టే చేయించుకుంటున్నామమ్మా. అదీ చెత్తలోకే పోయింది. మీరు దండం పెడుతున్నారా, దెప్పుతున్నారా?"

రేసు రోజు వచ్చింది. అల్లుడు సణుక్కుంటూనే పాత గేర్‌బాక్స్ బిగించాడు. కార్లు కదిలాయి. కంచె పట్టుకున్న మేస్త్రీ మెడ సాచాడు.

"నాలుగు... మూడు... ఓరి నాయనో, ఇంకా దించదేం? ఆఁ, రెండు! దించింది, దించింది! చూశావుటే?"

"నాకేం కనపడుతుంది, మీరే చెప్పండి," అంది ఆవిడ, కళ్ళు ఒత్తుకుంటూ.

కూతురు మూడో స్థానంలో వచ్చింది. మేస్త్రీ మాత్రం మొదటి బహుమతి తనకే వచ్చినట్టు, పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి వీపు చరిచి మరీ ఆ మలుపు కథ చెబుతున్నాడు.

ఆవిడ అల్లుడి పక్కకు జరిగింది. "ఏమీ అనుకోకు నాయనా. నీ కడుపుమంట నాకు తెలుసు. కానీ ఆయన్ని చూడు. ఆ ఫిర్యాదు పెట్టినవాడెవడో నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలి."

అల్లుడు మామగారి వైపు చూశాడు.

"మీరు దీవించుకోండి అత్తయ్యా. నేను మాత్రం తిడుతూనే ఉంటాను."

"ఎన్నాళ్ళు తిడతావు?"

"మావయ్య వింటున్నన్నాళ్ళూ."

ఫిర్యాదు పెట్టింది అల్లుడే.