నూర్ భాయ్ కట్టిన లైటు

లైటు మళ్లీ తగ్గింది.

నూర్ మొహమ్మద్ వెనకగది గుమ్మంలో నిలబడి, స్టాండుకు కట్టిన ఎల్‌ఈడీ పట్టీల వంక చూశాడు. "థూ! ఏం సరుకురా ఇది, తగలెయ్య!" అని తిట్టాడు. నిన్ననే కొత్త అడాప్టరు మార్చాడు. మొన్న ఇంకో పట్టీ కట్టాడు. అయినా మసకే.

ఆ పట్టీల కింద నలభై బుల్లి కుండీలున్నాయి. అన్నీ బొద్దు ఆకుల మొక్కలు. నరసరావుపేటలో ఎండకేం కరువు? కరువల్లా వాళ్ల ఇంటికే. సందులో ఇల్లు, అటూ ఇటూ మేడలు, పైన డాబా ఏమో ఇంటి ఓనరుది. అందుకే కూతురు మెహ్జబీన్ మొక్కల కోసమే చేసిన గ్రో లైట్లు తెప్పించి, వెనకగదిలో పెంచుతోంది. నకరికల్లులో ప్రభావతి టీచరు కొత్తగా ఇల్లు కట్టుకుంది. శుక్రవారం గృహప్రవేశం. వచ్చినవాళ్లకు స్టీలు గిన్నెల బదులు తలా ఒక మొక్క ఇస్తానంది. ముళ్లవైతే పెద్దవాళ్లు ఊరుకోరని ఏరికోరి ఇవి చెప్పింది. మెహ్జబీన్‌కు అది మొట్టమొదటి ఆర్డరు.

సరిగ్గా అప్పుడే బీఈడీ పరీక్షలు వచ్చిపడ్డాయి. గుంటూరులో ఖాలా, అంటే తల్లి చెల్లెలి ఇంటికి పోతూ తండ్రికి అప్పజెప్పింది.

"పదిహేను రోజులు నీదే పూచీ అబ్బా. రెండు పట్టీలు, మొక్కకు అడుగు ఎత్తున. రోజుకు పన్నెండు గంటలు. అంతే."

"లైటు సంగతి నాకు చెప్తావేందే!" అని పకపకా నవ్వాడు ఆయన.

నవ్వడా మరి! ముప్పై ఏళ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాడు. కళ్లు మూసుకుని కాయిలు చుట్టగలడని పేరు. మీటరు పెట్టి చూడటం ఆయనకు నామోషీ. కాలిన మోటారును ఒక్క చూపు చూసి జబ్బు ఎక్కడుందో చెప్పేస్తాడు. అలాంటి మనిషి మూరెడు లైటు ముందు ఓడిపోతున్నాడు.

నాలుగోరోజు భార్య షకీలా చెప్పింది. "ఏమయ్యా, మొక్కలు తెల్లబడతన్నయ్."

వెంటనే కూతురికి ఫోన్ చేశాడు.

"లైటు తక్కువైనా పాలిపోతయ్ అబ్బా, ఎక్కువైనా పాలిపోతయ్. నువ్వే చూసి చెప్పాల," అంది మెహ్జబీన్.

"ఎక్కువా? గుడ్డిదీపం లాగుంది!"

"అయితే ఇంకోటి కట్టు."

కట్టాడు. చాల్లేదు. ఇంకోటి కట్టాడు. రెండు పట్టీలు వారం తిరిగేసరికి ఎనిమిదయ్యాయి. అడుగు ఎత్తు జానెడైంది, జానెడు కాస్తా బెత్తెడైంది. పన్నెండు గంటలు పద్దెనిమిదయ్యాయి. మొక్కలు మాత్రం కోలుకోలేదు.

"ఇంకెన్ని కడతావయ్యా, చాల్లే! ఆ గదిలోకి పోతే తలకాయ నొప్పి లేస్తంది నాకు," అంది షకీలా.

"మసక గదిలో తలనొప్పి రాక ఏమొస్తది? తలుపేసి నీ పని చూసుకో పో."

ఎదురింటి జక్కయ్య ఇంకొకడు. సందులోంచి కిటికీ వంక చూస్తూ, "ఏంది నూర్ భాయ్, ఇంట్లో సినిమా షూటింగా?" అన్నాడు. నూర్ మొహమ్మద్‌కు ఒళ్లు మండిపోయింది. పిల్ల మొక్కలు చచ్చిపోతుంటే ఎగతాళి! మారుమాట్లాడకుండా కిటికీ మూసేశాడు.

అసలు లోకంలో సరుకే చెడిపోయింది. షాపులో కొత్త ట్యూబులైటూ అంతే, వెలుగూ లేదు పాడూ లేదు. ఈ నెలలో రెండు మోటార్లు తిరిగొచ్చాయి. తీగ నాసిరకం అయితే ఆయనేం చేస్తాడు? పాతరోజుల్లో నూరు వాట్ల బల్బు వేస్తే నేలమీద పడ్డ సూది కనపడేది. ఇప్పుడు అన్నీ మాటలే.

బుధవారం స్టూలు వేసుకుని మొక్కల పక్కన కూర్చున్నాడు. ఒక ఆకు పట్టుకుంటే వేళ్లకు ఎండిన ఉల్లిపొర తగిలింది. ఇంకోటి ముట్టుకున్నాడు. అదీ అంతే. మోటారైతే విప్పి చూడొచ్చు. మొక్కను ఎక్కడ విప్పాలి? తీగ మారిస్తే బాగవుతుందా, బేరింగు మారిస్తే బాగవుతుందా? ముప్పై ఏళ్ల పనితనం ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. కూతురికి మొహం ఎట్లా చూపించాలో తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం మెహ్జబీన్ వచ్చేసింది. భుజం మీద బ్యాగు దించకుండానే వెనకగది వైపు నడిచింది. నూర్ మొహమ్మద్ గోడ పట్టుకుని వెనకే వెళ్లాడు.

ఆమె తలుపు మీద చెయ్యి వేసి, తండ్రి మొహం వంక చూసి ఆగింది.

"నా చేతనైందంతా చేశా బేటీ," అన్నాడు ఆయన. "ఎనిమిది పట్టీలు కట్టా. అడాప్టర్లు మార్చా. ఏం చేసినా నిలబడలా. టీచరమ్మకు నువ్విచ్చిన మాట నా వల్లే పోయింది. తిట్టవే, తిట్టు. అట్లా నిలబడితే నేను చూడలేను."

తలుపు తోయగానే గదిలోంచి భగ్గున మొహమ్మీదికి కొట్టిన వెలుతురుకు మెహ్జబీన్ చున్నీతో కళ్లు కప్పుకుని వెనక్కి తూలితే, నూర్ మొహమ్మద్ ఆ ఎనిమిది పట్టీలకేసి రెప్పయినా వేయకుండా చూస్తూ, "ముందు లైటెయ్యి బేటీ, ఈ మసకలో నీకేం కనపడతది?" అన్నాడు.