నీళ్ల కాయ

నేల లోపలి నీటిని చూసే యంత్రం పెట్టెలా ఉన్నన్నాళ్లూ రైతులు దాన్ని నమ్మలేదు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితేనే బోరు వేస్తామని భీష్మించుకు కూర్చున్నారు. చేసేది లేక పరిశోధనశాల వాళ్లు ఆ యంత్రాన్నే పీచుతో, పిలకతో సహా కొబ్బరికాయలా తయారుచేసి మండలానికొకటి పంపారు.

భూగర్భ శాస్త్రవేత్త హిమజ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎర్రిస్వామి చీనీ తోటంతా తిరిగింది. మూడు బోర్లు ఎండి, బత్తాయి చెట్లు వాడిపోతున్న తోట అది. తూర్పు గట్టు దగ్గర కాయ లేచి నిలబడింది.

“ఇక్కడ రెండించుల నీళ్లున్నాయి,” అంది.

ఎర్రిస్వామి కాయను అందుకుని కళ్లకద్దుకుని, ఆమె వద్దనేలోపే రాయి మీద కొట్టాడు. లోపల్నుంచి ఎర్రటి, పచ్చటి తీగలు బయటపడ్డాయి.

“కాయ కుళ్లింది మేడమ్. ఈడ బోరు వేసేది లేదు. ఇంకో తావు చూడండి.”

ఆ తోటలో ఇంకో తావు లేదు. హిమజ ఇంట్లో చట్నీకని కొన్న కాయను సంచిలోంచి తీసింది. అదే చోట నిలబడి, మెల్లగా మణికట్టు తిప్పి దాన్ని లేపింది. ఎర్రిస్వామి కొడితే తెల్లగా పగిలింది.

“సైన్సంటే ఇట్లుండాల మేడమ్,” అన్నాడు, ఆమె చేతిలో ఒక చిప్ప పెడుతూ.