క్యాంపు దాటిన పైపు

గల్ఫ్‌లోని షినాస్ పట్నం దగ్గరి చిన్న ఊరికి సర్కారు సొమ్ముతో మంచినీళ్ల పైపు వేస్తున్నారు. కాలువ తవ్వుతున్న గంగారాం తమ లేబర్ క్యాంపు గేటు ముందుకు రాగానే పార ఆపాడు.

"కాలేబ్ సార్, ఈడ మాకొక నల్లా పెట్టియ్యరాదు? బాయిల ఉప్పునీళ్లు తాగలేక సస్తున్నం."

"మీ క్యాంపు ప్లాన్‌లో లేదయ్యా," అన్నాడు ఫోర్‌మన్.

"ఊళ్లె జనం సాలకనే గద, మమ్ముల గూడ కలిపి లెక్క రాసుకపోయిన్రు? మేం లేకుంటె గీ పైసలు మంజూరైతుండెనా?"

"లెక్క వేరు, నీళ్లు వేరు. నన్నడిగితే ఏం చెప్పను?"

ఊరికి నీళ్లొచ్చిన రోజున, పైపు వేసిన వాళ్లకు ఒక్క గ్లాసైనా దక్కలేదు. అదే రోజు క్యాంపు రేకుల గదుల్ని లారీ ఎక్కించారు.

"సామాన్లు సర్దుకోండి," అన్నాడు కాలేబ్. "పక్క ఊళ్లోనూ జనం చాలట్లేదంట. ఎల్లుండి లెక్క రాసేవాళ్లొస్తారు."